ఏడో నంబరు ట్యూబు

ఆ ల్యాబులో అందరూ ఆవిణ్ణి పెద్దక్క అనేవారు. వయసులో అందరికంటే పెద్దదని కాదు. ఆవిడ చెల్లెలు ఒకప్పుడు అక్కడే పరిశోధన చేసేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే చోట ఉండటంతో ఈవిడ పెద్దక్క అయింది, ఆవిడ చిన్నక్క అయింది. చిన్నక్క వెళ్ళిపోయి ఇరవై రెండేళ్ళు. ఇప్పుడున్న పిల్లలకి ఆ పేరుతో ఒక మనిషి ఉండేదన్న సంగతే తెలియదు. పెద్దక్క మాత్రం పెద్దక్కగానే మిగిలిపోయింది.

ఆవిడ చదువు బడితోనే ఆగిపోయింది. గాజు సామాను కడిగే పనికి చేరి, మెల్లమెల్లగా టెక్నీషియన్ అయింది. అగర్ అనే జిగురు కాచి ప్లేట్లలో పొయ్యడం, కణాలకి మేతగా బ్యాక్టీరియా పెంచడం, ఫ్రీజర్లో ఏ ట్యూబు ఏ అరలో ఉందో గుర్తుపెట్టుకోవడం ఆవిడ పనులు. డిగ్రీల మీద డిగ్రీలున్న పిల్లలు కూడా ప్లేటు మీద తేడా కనిపిస్తే ముందు ఆవిడ దగ్గరికే పరిగెత్తేవారు. "పెద్దక్క ముక్కుతో వాసన చూసి చెబుతుంది, మైక్రోస్కోపు దండగ" అని నవ్వుకునేవారు.

అక్కడ పెంచేది జిగురు బూజుని. గోడలకి పట్టే బూజు కాదది. అడవి మట్టిలో, కుళ్ళిన ఆకుల కింద బతికే జీవి. తిండి ఉన్నంతకాలం ఏ కణం కాపురం దానిది, పక్కదాని మొహం కూడా చూడదు. తిండి అయిపోతే మాత్రం ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. లక్ష కణాలు ఒకచోట పోగై, చిప్పలేని నత్తలా ఒక ముద్దయి పాకుతాయి. దాన్ని ల్యాబులో స్లగ్గు అంటారు. వెలుగు తగిలిన చోట అది ఆగి, నిటారుగా లేచి, వెంట్రుక లాంటి కాడగా, కాడ మీద చిన్న బంతిగా మారుతుంది. బంతిలో ఉన్నవి సిద్ధబీజాలు, అవి బతుకుతాయి. కాడ అయినవి చచ్చిపోతాయి. ఐదింట ఒకటి అలా పోతుంది, మిగతావాటిని పైకెత్తడానికి.

అన్ని కణాల్లోనూ ఉన్నది ఒకే డీఎన్ఏ. మరి ఏది కాడ కావాలో, ఎప్పుడు కావాలో ఎవరు చెబుతారు? ఆ ల్యాబు నడిపే మాస్టారి జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. ప్రతి జన్యువుకీ ముందు ప్రమోటర్ అని కొంత డీఎన్ఏ ఉంటుంది. జన్యువు ఎక్కడ, ఏ వేళకి పనిచెయ్యాలో అక్కడే రాసి ఉంటుంది. కాడని తయారుచేసే ఒక జన్యువు ముందు, ఇరవై నాలుగు అక్షరాల చిన్న ముక్కని మాస్టారు పట్టుకున్నారు. అది కోసేస్తే, అదిలించని గుర్రంలా జన్యువు కదలదు. అందుకని దానికి 'కొరడా' అని పేరు పెట్టారు. ఆ కొరడా పుస్తకాల్లోకి ఎక్కింది. మాస్టారు పెద్దవారయ్యారు. ఇప్పుడు ఇంకో మూడు నెలల్లో పదవీ విరమణ. వీడ్కోలు సభకి అచ్చువేయించిన ఆహ్వానం మీద కూడా గుర్రమూ కొరడా బొమ్మే.

ఆ ఏడాది వానలు ఆగలేదు. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతూనే ఉండేవి, పగలే లైట్లు వేసుకోవాల్సి వచ్చేది. అలాంటి ఒక పొద్దున పిచ్చుక వచ్చి పెద్దక్క కొంగు పట్టుకుంది.

పిచ్చుక అంటే మాస్టారి ఆఖరి విద్యార్థిని. మనిషి పిడికెడు, గొంతు బారెడు. ఒకచోట కుదురుగా కూర్చోలేదు, ఎక్కడ చూసినా దాని బిస్కెట్ పొడే. ఆ రోజు దానికి గొంతు లేదు.

"పెద్దక్కా, ఒక్కసారి వచ్చి చూడండి. ఇంకెవరికీ చెప్పకండి."

మైక్రోస్కోపు కింద రంగు వేసిన ప్లేటు ఉంది. ప్రమోటర్లోంచి ఒక్కో ముక్క కోసేసి, మిగిలిన దాన్ని నీలం రంగు పుట్టించే జన్యువుకి అతికించడం పిచ్చుక పని. ఎక్కడ నీలం కనిపిస్తే అక్కడ ప్రమోటర్ పనిచేస్తున్నట్టు. తొమ్మిది ట్యూబులు. ఒకటో నంబరులో ప్రమోటర్ మొత్తం ఉంటుంది, కాడ లేచాక కాడకే నీలం వస్తుంది. ఏడో నంబరులో కొరడా ఒక్కటే ఉండదు. ఏడు తెల్లగా ఉండాలి.

పెద్దక్క కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని వంగి చూసింది. స్లగ్గులు ఇంకా లేవలేదు, పాకుతూనే ఉన్నాయి. కాడ ఊసే లేదు. కానీ వాటి ముందు భాగమంతా, తల నుంచి మూడో వంతు దాకా, సిరా ఒలికినట్టు నీలం.

"ఇది మూడోసారి. మూడుసార్లూ ఇంతే. చావాల్సిన టైము రాకముందే చావుకి తయారవుతున్నాయి. పుస్తకం ప్రకారం అసలు రంగే రాకూడదు కదా?" పిచ్చుక గోళ్ళు కొరుక్కుంటూ అంది. "ఒకటీ ఏడూ తారుమారు చేశానేమో. ఒకటీ ఏడూ రాస్తే ఒకేలా ఉంటాయి కదా, పెద్దక్కా? పారేసి మళ్ళీ మొదలుపెడతాను. మాస్టారికి చెప్పకండి, నా చేతులకి నిలకడ లేదనుకుంటారు."

పెద్దక్క మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఆ పిల్ల మొహం చూడాలి. ఇరవై రెండేళ్ళ కింద ఇదే బల్ల దగ్గర, ఇదే నీలం చూపిస్తూ, ఇంకో పిల్ల నిలబడింది. అప్పుడు ఆ పిల్ల భయపడలేదు. సంతోషంతో ఎగిరింది.

"పారెయ్యకు. ట్యూబు తీసుకెళ్ళి సీక్వెన్సింగుకి ఇవ్వు. అక్షరం అక్షరం చదివించు. అప్పుడు మాట్లాడదాం," అంది పెద్దక్క.

వెళ్ళి సింకు దగ్గర నిలబడి, కడిగిన ఫ్లాస్కులే మళ్ళీ కడిగింది.

అప్పుడు జరిగింది ఇది. చిన్నక్క మాస్టారి దగ్గర నాలుగో సంవత్సరం పరిశోధన చేస్తోంది. మాస్టారు కొరడా కనిపెట్టినప్పుడు డీఎన్ఏని కోసే పద్ధతులు మోటువి. చిన్నక్క కొత్త పద్ధతిలో, గీత గీసినట్టు, ఆ ఇరవై నాలుగు అక్షరాలనే తీసేసింది. ఏడో నంబరు నీలమైంది. పాకే స్లగ్గులోనే నీలమైంది. అంటే ఆ ముక్క పరిగెత్తించేది కాదు, ఆపి ఉంచేది. చిన్నక్క ఆ మాటే మాస్టారితో అంది. ఆయన ట్యూబులు తారుమారయ్యాయన్నారు. రంగు తొందరగా వచ్చిందేమని అడిగితే, ప్లేట్లు పాతవై ఉంటాయన్నారు. చిన్నక్క ఒప్పుకోలేదు.

మర్నాడు మాస్టారు పెద్దక్కని గదిలోకి పిలిచారు. పెద్దక్క భర్త పోయి అప్పటికి రెండేళ్ళు. తల్లి మంచంలో ఉంది. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగిస్తేనే ఉంటుంది, పర్మనెంటు చేసే కాగితం ఆ వారమే మాస్టారి బల్ల మీదికి వచ్చింది. ఆయన ఆ కాగితం మాట ఎత్తలేదు. బెదిరించలేదు. కుర్చీ చూపించి, మెత్తగానే అడిగారు.

"నీ చెల్లెలు ట్యూబులు సర్దుతున్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావుగా. ఒకటీ ఏడూ మారిపోయి ఉండొచ్చంటావా?"

చెల్లెలు ఏడు రాస్తే నడుముకి అడ్డగీత కొడుతుంది, ఒకటితో కలవకుండా. చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ సంగతి అక్కకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మారే ప్రసక్తే లేదు.

"అయ్యుండొచ్చు మాస్టారూ," అంది పెద్దక్క.

అంతే. రెండు మాటలు. ఆయన తలూపి, వెళ్ళమన్నారు. మళ్ళీ మొదటినుంచీ చెయ్యమని చిన్నక్కకి చెప్పారు. "మీ అక్క కూడా అదే అంది" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళే బస్సులో చెల్లెలు ఒక్కసారే అడిగింది.

"నిజంగా నేను మార్చానా అక్కా? నువ్వు చూశావా?"

"ఏమోనే, సరిగ్గా గుర్తులేదు."

అక్క మాటని చెల్లెలు వేదంలా నమ్మేది. ఆ తర్వాత ప్రయోగం చేస్తుంటే దానికి చేతులు వణికేవి. ఒకసారి ప్లేట్లకి వేరే బూజు పట్టింది, ఇంకోసారి కణాలే చచ్చిపోయాయి. నీలం మళ్ళీ కనిపించలేదు. రెండు నెలలకి రాజీనామా కాగితం రాసిచ్చింది. "నాకిది చేతకాదక్కా" అంది. ఒక కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు చెక్కే పనికి కుదిరింది. ల్యాబులో చేతులు వణికిన ఆ మనిషే ఇరవై రెండేళ్ళుగా వెంట్రుకవాసి తేడా లేకుండా అద్దాలు అరగదీస్తోంది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక అక్కాచెల్లెళ్ళిద్దరే ఆ మూడో అంతస్తు రెండు గదుల్లో ఉంటున్నారు. చెల్లెలు తాళం వేస్తే మూడుసార్లు లాగి చూస్తుంది. పొయ్యి ఆర్పానా అని సగం మెట్లు దిగి వెనక్కి వస్తుంది. ఇల్లుగలావిడ నవ్వేది. పెద్దక్క ఎప్పుడూ నవ్వలేదు.

తనని తాను సమాధానపరచుకోవడానికి ఆవిడ దగ్గర ఒకే ఒక్క మాట ఉండేది. ఏమో, నిజంగానే మారి ఉండొచ్చు. మాస్టారంతటివారే అన్నారు, పుస్తకాలు కూడా అంటున్నాయి. అడ్డగీత కొట్టినా మనిషన్నాక పొరపాటు పడదా? ఆ ఒక్క మాట మీద ఆవిడ ఇన్నేళ్ళు నిద్రపోయింది.

వారం తర్వాత సీక్వెన్సింగు ఫలితం వచ్చింది. ఏడో నంబరు ఏడో నంబరే. ఇరవై నాలుగు అక్షరాలు తప్ప మిగతావన్నీ ఉన్నాయి.

పిచ్చుక ఆ కాగితం తెచ్చి చూపించింది. "ఇప్పుడెలా? సభకి ఇంకా మూడు నెలలు కూడా లేవు. ఆయన మొహం మీద ఈ మాట నేనెలా అనేది? నా నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టుంది."

"నేను కూడా వస్తాను, పద," అంది పెద్దక్క.

మాస్టారి గది వరండా చివర. రెండేళ్ళుగా ఆయన కళ్ళ మధ్యలో మచ్చ పడింది. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. మైక్రోస్కోపు వదిలేశారు. కాగితాలు ఎవరో ఒకరు చదివి వినిపించాలి. తలుపు చప్పుడుకి మొహం పక్కకి తిప్పి, కంటి కొసనుంచి చూశారు.

"ఎవరు? పిచ్చుక అడుగులు తెలుస్తున్నాయి. ఇంకొకరెవరు?"

"నేనే మాస్టారూ."

పిచ్చుక ఊపిరి బిగబట్టి మొత్తం ఏకరువు పెట్టింది. ఆయన సగంలోనే చెయ్యెత్తారు.

"ట్యూబులు తారుమారై ఉంటాయమ్మా."

"కాలేదు మాస్టారూ. చదివించాను. కావాలంటే అక్షరాలు చదివి వినిపిస్తాను."

ఆయన మొహం ఆవిడ వైపు తిప్పారు. "పెద్దక్కా, నువ్వు చూశావా?"

"చూశాను."

"నా కళ్ళకి ఎలాగూ కనబడదు. నువ్వు చెప్పు. ఎక్కడుంది నీలం?"

"స్లగ్గు ఇంకా పాకుతోంది. కాడ లేవలేదు. తల నుంచి మూడో వంతు దాకా ఉంది. వెనక ఎక్కడా లేదు. మూడు ప్లేట్లు చూశాను, మూడింట్లోనూ అంతే." పెద్దక్క ఆగింది. బల్ల అంచు పట్టుకుంది. "మా చెల్లెలు చూపించింది కూడా ఇదే మాస్టారూ. అప్పుడు మీరడిగితే అయ్యుండొచ్చు అన్నాను. అవ్వడానికి వీల్లేదు. అది ఏడుకి అడ్డగీత కొడుతుంది. నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

పిచ్చుక ఒకసారి ఆవిణ్ణి, ఒకసారి ఆయన్ని చూసింది. దానికి సగమే అర్థమైంది.

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నీ మాట నమ్మి ఆ పిల్లది తప్పన్నాననుకుంటున్నావా ఇన్నాళ్ళూ? నేనంత అమాయకుణ్ణి కాదు. ఆ పిల్ల వచ్చి చెప్పిన రాత్రే ఆ ప్లేటు నేనే తీసి చూశాను. అప్పటికి నా కళ్ళు బాగానే ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే ఉంది, మూడో వంతు దాకా. రెండోసారి చూస్తే ఒప్పుకోవాల్సి వస్తుందని పారేశాను." ఆయన వేళ్ళు కళ్ళజోడు మడతలు విప్పుతూ మూస్తూ ఉన్నాయి. "నిన్ను అడిగింది తెలియక కాదు. ఆ మాట నాతోపాటు ఇంకొకరు కూడా అనాలి. అందుకని అడిగాను. ఎవరైతే కాదనలేరో వాళ్ళనే పిలిచి అడిగాను."

పెద్దక్కకి ఏడుపు రాలేదు. బరువు దిగుతుందనుకుని వచ్చింది. దిగలేదు సరికదా, ఇంకో మనిషి బరువు కూడా వచ్చి మీద పడింది. ఇన్నేళ్ళూ ఆవిడ పొద్దున్నే ఈయనకి టీ పెట్టి ఇచ్చింది.

ఆయనే మళ్ళీ నెమ్మదిగా, పాఠం చెబుతున్నట్టు మొదలుపెట్టారు. అలవాటు ఎక్కడికి పోతుంది! "అప్పటి ఎంజైములు మనం కోరిన చోట తెగేవి కావు, వాటికి నచ్చిన చోట తెగేవి. ఆ ఇరవై నాలుగుతో పాటు పక్క ముక్క కూడా తెగిపోయి ఉంటుంది. అసలు కొరడా ఆ పక్క ముక్క. నాది కళ్ళెం. రెండూ కలిపి కోసేస్తే గుర్రం కదల్లేదు. కదల్లేదు కాబట్టి నేను కోసినదంతా కొరడానే అనుకున్నాను. పిచ్చుకా, ఆ పక్క ముక్క ఒక్కటే తీసి చూడు. తెల్లగా వస్తుంది."

తెల్లగానే వచ్చింది. కానీ దానికి ఇంకో నెల పట్టింది. ఆ లోపల జరగాల్సింది జరిగిపోయింది.

ఆ రోజే పెద్దక్క స్టోరు గదిలో ఇనపబీరువా తెరిపించింది. వెళ్ళిపోయినవాళ్ళ నోటు పుస్తకాలు దాంట్లో పడేసేవారు. చిన్నక్కది అడుగున దొరికింది. తడి తగిలి అంచులు ఉబ్బాయి. ఏడో నంబరు పేజీలో రంగు పెన్సిలుతో స్లగ్గు బొమ్మ, ముందు భాగం నీలం, పక్కన తేదీ. కింద సన్నటి అక్షరాలతో ఒక వాక్యం: "ప్లేట్లు అక్క పోసింది. ట్యూబులు నేనే రెండుసార్లు సరిచూశాను." పెద్దక్క పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

చెల్లెలు ఇంటికి వచ్చేసరికి ఆరయింది. చెప్పులు విడిచి, గాజు పొడి పోయేదాకా సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. బల్ల మీద పుస్తకం చూసి ఆగిపోయింది.

"ఇదెక్కడిది?"

"కూర్చోవే. నీకొక మాట చెప్పాలి."

పెద్దక్క చెప్పింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది గానీ, తీరా చెప్పేటప్పుడు అవేవీ నోటికి రాలేదు. పిచ్చుక ప్లేటు గురించి ముందు చెప్పింది. చెల్లెలు వింటూ పుస్తకం దగ్గరికి లాక్కుని ఆ పేజీ తీసింది.

"ముందు భాగమంతానా? కొస మాత్రమేనా?"

"అంతా. మూడో వంతు దాకా."

"కణాలు మేత మాని ఎన్ని గంటలైంది?"

"పదహారు."

చెల్లెలి మొహంలో ఏదో వెలిగింది. పెద్దక్క ఆ వెలుగు చూసి ఇరవై రెండేళ్ళయింది. దాన్ని ఆర్పాల్సింది కూడా తనే. గుక్క తిప్పుకోకుండా మిగతాది చెప్పేసింది. మాస్టారు పిలవడం, అడ్డగీత, తను అన్న రెండు మాటలు, బస్సులో అన్న గుర్తులేదు.

చెల్లెలు పుస్తకం మూసింది. అరవలేదు. చేతులు రెండూ బల్ల మీద పెట్టి, వాటిని ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"నేను తప్పు చేశాననుకున్నాను," అంది. "పొయ్యి ఆర్పితే ఆర్పానో లేదో తెలియదు. తాళం వేస్తే వేశానో లేదో తెలియదు. ఒక సంబంధం వచ్చింది గుర్తుందా, ఆ లెక్కల టీచరు. మంచివాడే. అవునని చెప్పడానికి నా మీద నాకు నమ్మకం లేకపోయింది. అన్నీ నువ్వు చూస్తూనే ఉన్నావు కదా అక్కా, పక్క గదిలోంచి?"

"చూస్తూనే ఉన్నాను."

"ఎప్పుడూ చెప్పాలనిపించలేదా?"

"రోజూ అనిపించేది. రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని. ఆలస్యమైన కొద్దీ నోరు మూసుకుపోయింది. నన్ను తిట్టవే. కొట్టు."

"తిడితే నీకు సుఖంగా ఉంటుంది," అంది చెల్లెలు, లేస్తూ. "నాకేం ఉంటుంది?"

ఆ రాత్రి ఇద్దరూ తినలేదు. పొద్దున చెల్లెలు ఎప్పటిలాగే మొదటి బస్సుకి వెళ్ళింది. మూడో రోజు ఒక సంచి సర్దుకుంది. దుకాణం పైన ఒక గది ఖాళీగా ఉందనీ, కొన్నాళ్ళు అక్కడ ఉంటాననీ చెప్పింది. ఎన్నాళ్ళని పెద్దక్క అడగలేదు. అడిగే మొహం లేదు. పుస్తకం మాత్రం చెల్లెలు తనతో తీసుకెళ్ళింది.

మాస్టారు చెల్లెలికి ఫోను చేయించారు. రెండుసార్లు పలకలేదు, మూడోసారి పలికింది. ఒక మధ్యాహ్నం తడిసిన గొడుగుతో ల్యాబులోకి వచ్చింది. పెద్దక్క సింకు దగ్గర్నుంచి కదల్లేదు. చెల్లెలు ఆ వైపు చూడలేదు. పిచ్చుక కుర్చీ జరిపి, మర్యాదగా పక్కకి తప్పుకుంది. చెల్లెలు కూర్చుని మైక్రోస్కోపులోకి వంగింది. ఎంతసేపు చూసిందంటే, పిచ్చుకంతటిది కూడా ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిపోయింది.

"ఫోకస్ ఇంకొంచెం కిందికి దించాలి," అంది చివరికి. తనే దించింది. "బాగా చేశావమ్మా. నీ ప్లేట్లు నావాటికంటే శుభ్రంగా ఉన్నాయి."

మాస్టారు గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మొహం పక్కకి పెట్టి ఆమెని వెతుక్కున్నారు.

"అమ్మా, నేను..."

"క్షమించమని అడక్కండి మాస్టారూ. కాదంటే మీరు బాధపడతారు. సరేనంటే నేను బాధపడతాను."

"మరి ఏం చెయ్యమంటావు? వ్యాసం రాస్తున్నాం. నీ పేరే ముందు వేస్తాం. పిచ్చుక కూడా సరేనంది."

ఆమె ఆలోచించింది. "పేరు మీ ఇష్టం. నేను ఆ ప్రయోగం చేసిన తేదీ వెయ్యండి. అదొక్కటి చాలు."

వ్యాసం కాగితాల మీద సంతకం పెట్టి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. సింకు పక్కనుంచే వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు అడుగు నెమ్మదించిందని పెద్దక్కకి అనిపించింది. చూస్తే, నేల మీద నీళ్ళున్నాయి, జారకుండా నడుస్తోంది.

వీడ్కోలు సభలో మాస్టారు లేచి, తన కొరడా కొరడా కాదనీ, ఆ సంగతి ఒక విద్యార్థిని తనకి చెబితే ఆమె వెళ్ళిపోయేలా చేశాననీ, చూసిన ప్లేటుని పారేశాననీ, ఒక్కో మాటా తడుముకోకుండా చెప్పారు. పెద్దక్క పేరు ఎత్తలేదు. హాలంతా బిగుసుకుపోయింది. పూలదండ తెచ్చినవాళ్ళు వెయ్యాలో మానాలో తెలియక చేతుల్లోనే పట్టుకున్నారు. చప్పట్లు అక్కడొకటి అక్కడొకటి వినిపించాయి. ముందు వరుసలో చిన్నక్క కోసం ఉంచిన కుర్చీలో ఎవరిదో సంచి ఉంది. సభ అయ్యాక ఆయన్ని పలకరించడానికి ముగ్గురో నలుగురో వెళ్ళారు. మిగతావాళ్ళు టీలు తాగి, వాన తగ్గిందని త్వరగా వెళ్ళిపోయారు. వ్యాసం చలికాలంలో అచ్చయింది. రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి పొగుడుతూ, ఒకటి సందేహిస్తూ.

పెద్దక్క ఉద్యోగం ఇంకా ఏడాదిన్నర ఉంది. మునుపటిలాగే పొద్దున్నే అగర్ కాచేది. పిచ్చుక మునుపటిలా కొంగు పట్టుకునేది కాదు. "మీరు చూస్తారా?" అని దూరం నుంచి అడిగేది. తన గురించి కూడా ఎవరైనా ఒక రోజు పెద్దక్కని ఏదో ఒకటి అడుగుతారని దానికి తెలిసింది కాబోలు. అంతకు ముందు అది పెద్దక్క మాటని తిరిగి సరిచూసుకునేది కాదు. ఇప్పుడు ప్రతిదీ సరిచూసుకునేది. మంచిదేలే అనుకునేది పెద్దక్క.

ఇంట్లో ఒక్క మనిషికి వండుకోవడం ఆవిడకి చేతకాలేదు. కొలత తెలియక రోజూ మిగిలేది.

చలి ముదిరాక ఒక ఆదివారం చెల్లెలు ఉన్ని బట్టల కోసం వచ్చింది. తాళంచెవి తన దగ్గరున్నా తలుపు తట్టింది. పెద్దక్క తలుపు తీసి, ఏమనాలో తోచక, "టీ పెట్టనా?" అంది. చెల్లెలు బీరువాలోంచి బట్టలు తీసి మడతలు పెట్టుకుని, వద్దనలేదు. కుర్చీ అంచు మీద, కోటు విప్పకుండా కూర్చుంది.

పెద్దక్క టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. చెల్లెలే అడిగింది.

"ఆ పిల్ల ఇప్పుడేం చేస్తోంది?"

"ఆ కళ్ళేన్ని పట్టుకునేదేదో వెతుకుతోంది. ఏదో ప్రోటీన్ వచ్చి ఆ అక్షరాల మీద కూర్చుంటుందట. అది లేచిపోతే కాడ మొదలవుతుందట. దాన్ని పట్టుకోవాలని చూస్తోంది."

"దేంతో పట్టుకుంటోంది?"

"ఆ ముక్కని సన్నటి పూసలకి అతికించి, కణాల రసం పోసి కడుగుతోంది. ఏదీ అంటుకోవడం లేదని ఏడుస్తోంది."

"ఉప్పు ఎక్కువై ఉంటుంది. తగ్గించి కడగమను. కడిగే నీళ్ళు చల్లగా ఉండాలి. మంచు మీద పెట్టమను."

"చెబుతాను."

"నేను చెప్పానని చెప్పకు. నువ్వే చెప్పినట్టు చెప్పు."

"లేదు. నువ్వు చెప్పావనే చెబుతాను," అంది పెద్దక్క.

చెల్లెలు గ్లాసులోకి చూసింది. ఆ తర్వాత అరగంట ఉప్పు గురించీ, మంచు గురించీ, స్లగ్గులు వెలుగు వైపు తిరగడం గురించీ మాట్లాడుకున్నారు. అంతకు మించి ఒక్క మాట లేదు. టీ సగం మిగిల్చి చెల్లెలు లేచింది. ఉన్ని బట్టల సంచి బరువుగా ఉంటే పెద్దక్క ఒక పిడి పట్టుకోబోయింది. చెల్లెలు సంచిని రెండో చేతికి మార్చుకుంది.

"మళ్ళీ ఆదివారం వస్తావా?"

"చూద్దాం," అని చెల్లెలు మెట్లు దిగింది.